ఏమనుకోకు అక్కా

పోయిన ఆదివారం, ఇక్కడ కెనడాలో మా ఊరి శివారు కనాటాలో ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. కొత్త పెయింటు వాసన, పాలు పొంగిన స్టవ్ మీద ఇంకా తుడవని మరక, మెట్ల పక్కన గుట్టగా చెప్పులు. భోజనాల దగ్గర ఇంటావిడ నా ప్లేట్లో ఇంకో గారె వెయ్యబోయింది. వద్దన్నాను. "అయ్యో, మొహమాటపడకండి" అంది. "మొహమాటం కాదండీ, నిజంగానే వద్దు" అన్నాను. ఆవిడ చిన్నబుచ్చుకుంది. మా ఆయన పక్కనుంచి నా కాలు తొక్కాడు. గారె ప్లేట్లో పడింది.

మొహమాటం అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. దేవుడు నాకు అన్నీ ఇచ్చి మొహమాటం ఒక్కటి ఇవ్వడం మర్చిపోయాడని మా అత్తగారు అంటూ ఉండేది. నాకు లేకపోతే పోయింది, దానివల్ల నాకెప్పుడూ నష్టం రాలేదు. కానీ నాకు రావలసిన వాటా కూడా కలిపి పట్టుకొచ్చినవాడొకడు మా బేస్‌మెంట్లో రెండేళ్ళు అద్దెకున్నాడు. వాడి పేరు రాయను. రాస్తే "ఏమనుకోకు అక్కా, నా పేరెందుకు" అంటాడు.

"ఏమనుకోకు అక్కా" అనేది వాడి ఊతపదం. ఏది చెప్పాలన్నా ముందు ఆ మాట, దాంతో పాటు కుడిచేత్తో మెడ వెనక రుద్దుకోవడం. ఎంతసేపు రుద్దుకుంటే అంత పెద్ద విషయమన్నమాట. "ఏమనుకోకు అక్కా, బయట నీ కారు లైటు వెలుగుతున్నది" అని చెప్పడానికి కూడా ఒకసారి రుద్దుకునేవాడు. నా బ్యాటరీ దిగిపోతుందని చెప్పడానికి నేనేమనుకుంటానురా అంటే నవ్వేవాడు. ఆ నవ్వు కూడా అనుమతి తీసుకుని నవ్వినట్టే ఉండేది.

ఇక్కడి కాలేజీలు మన పిల్లలతో నిండిపోయిన ఏళ్ళవి. బస్సెక్కితే తెలుగు, కూరగాయల షాపులో తెలుగు, కాఫీ షాపు కిటికీలోంచి కప్పు అందించే చేతికి ఎర్రదారం. అద్దెకి గదులు దొరికేవి కావు. వీడు టొరంటో వైపు ఏదో ఊళ్ళో రెండేళ్ళ డిప్లొమా చేసి, మూడేళ్ళ వర్క్ పర్మిట్ తీసుకుని, ఒక ఏడాది వేర్‌హౌస్‌లో డబ్బాలు మోసి మా ఊరొచ్చాడు. కనాటాలో ఒక చిన్న ఐటీ కంపెనీలో ఉద్యోగం దొరికిందట. ఫిబ్రవరి చివర్లో గది చూడటానికి వచ్చినరోజు బెల్లు కొట్టలేదు. ఇంట్లో ఎవరైనా పడుకుని ఉంటే లేస్తారని ఫోన్‌లో మెసేజ్ పెట్టి మెట్ల మీద నిలబడ్డాడు. నేను మెసేజ్ చూసుకుని తలుపు తీసేసరికి కనుబొమ్మల మీద మంచు పేరుకుని ఉంది. టీ తాగుతావా అంటే "వద్దక్కా, ఇప్పుడే తాగిన" అన్నాడు. అరగంట నుంచి మా మెట్ల మీదున్నవాడు ఎక్కడ తాగాడో నాకిప్పటికీ తెలీదు.

వాడి సంగతి నాకు పూర్తిగా అర్థమయింది ఆ తర్వాతి చలికాలంలో. సంక్రాంతి దాటాక ఒకరోజు బట్టలు ఉతకడానికి కిందికి వెళితే వాడి గది తలుపు తీసి ఉంది. లోపల వాడు చలి జాకెట్టు, టోపీ, చేతులకి గ్లౌజులు వేసుకుని కూర్చుని లాప్‌టాప్ కొడుతున్నాడు. ఎక్కడికైనా వెళ్తున్నావా అన్నాను. "లేదక్కా, ఇంట్లనే." గదిలోకి అడుగు పెడితే ఐసు పెట్టెలో పెట్టినట్టుంది. చూస్తే, సీలింగులో వేడిగాలి వచ్చే జాలీ మూసి ఉంది. ఎండాకాలంలో మేమే మూసి మర్చిపోయాం. పైన చిన్న పిడి ఉంటుంది, అటు తిప్పితే చాలు. ఆ పిడి తిప్పొచ్చా అని అడగడానికి మొహమాటపడి వాడు నవంబరు నుంచి జాకెట్టులో పడుకుంటున్నాడు.

"చెప్పొచ్చు కదరా!"

"బాగానే ఉన్నది అక్కా. అలవాటైంది."

ఆ రోజు వాణ్ణి తిట్టిన తిట్లు పైన మా అమ్మాయికి వినపడ్డాయి. అది ఇక్కడే పుట్టి పెరిగింది, వాణ్ణి 'బేస్‌మెంటన్న' అని పిలిచేది. "వై డిడంట్ హీ జస్ట్ ఆస్క్?" అంది. మొహమాటం అని చెప్పబోయాను. దానికి ఇంగ్లీషులో ఏమంటారో నాకు తట్టలేదు. సిగ్గు కాదు, భయం కాదు, మర్యాద కూడా కాదు. ఎదుటివాడికి ఇబ్బందవుతుందేమోనని ముందే ఆ ఇబ్బంది మనం పడిపోవడం అని తెలుగులో చెప్పాను. అది కాసేపు ఆలోచించి "దట్స్ జస్ట్ డంబ్, అమ్మా" అంది. నాకు నా కూతురి మీద గర్వం కలిగిన అరుదైన సందర్భాల్లో అదొకటి.

వాడు పనిదొంగ కాదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసు, శనాదివారాలు ఎవరిదో పాత కారు వారానికింత అని తీసుకుని ఇళ్ళకి భోజనాలు డెలివరీ. మధ్యలో ఊళ్ళో తెలుగువాళ్ళకి ఎవరికి మంచం బిగించాలన్నా, ఎవర్ని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావాలన్నా వీడే. డబ్బులడిగేవాడు కాదు. అంకుళ్ళు ఎవరైనా బలవంతంగా జేబులో ఇరవై కుక్కితే వద్దు వద్దని గింజుకునేవాడు. తర్వాత ఆ ఇరవై ఎవరిచ్చారో ఫోన్‌లో రాసుకునేవాడు. ఎందుకురా అంటే ట్యాక్స్‌లో చూపించాలట.

"అది కూడా చూపిస్తావా? పెద్దాయన చేతిఖర్చులకని పెట్టాడు."

"పని చేసినందుకే కద అక్కా ఇచ్చిండు. ఈ దేశం మనల్ని ఉండనిచ్చింది. దాచిపెడితే బాగుండదు."

ప్రభుత్వం దగ్గర కూడా మొహమాటపడే మనిషిని నేను చూడటం అదే మొదలు. మిగతా పిల్లలు డెలివరీ డబ్బుల్ని అసలు ఆదాయమే అనుకునేవాళ్ళు కాదు. మన ఇళ్ళల్లో ఆదాయం అంటే జీతం, తక్కినదంతా చేతిఖర్చే. వీడికి మాత్రం ఒక్క డాలరు మిగిలిపోయినా నిద్రపట్టదు.

సాయంత్రాలు కింద నుంచి ఫ్రెంచి వినపడేది. పీఆర్‌కి, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండిపోయే అనుమతికి, ఫ్రెంచి వస్తే పాయింట్లెక్కువని నేర్చుకునేవాడు. సిద్దిపేట యాసలో ఫ్రెంచి ఎలా ఉంటుందో విన్నవాళ్ళకే తెలుస్తుంది. అందులో కూడా వాడికి బాగా పట్టుబడిన మాట 'క్షమించండి' అనేదే. ఏమైతేనేం, పరీక్ష గట్టెక్కాడు. ఇక స్కిల్డ్ ఉద్యోగంలో ఒక ఏడాది కెనడా అనుభవం చూపిస్తే చాలు, పీఆర్‌కి అప్లై చేసుకోవచ్చు. వేర్‌హౌస్‌లో మోసిన ఏడాది ఆ లెక్కలోకి రాదు. ఐటీ కంపెనీలో చేసేది వస్తుంది. ఆ ఏడాది నిండటం కోసం వాడు ఎదురుచూసినంతగా మా అమ్మాయి తన పుట్టినరోజు కోసం కూడా ఎదురుచూడలేదు.

ఆ కంపెనీ యజమాని తెలుగాయనే, వీడి జిల్లావాడే. షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి అమ్ముతాడు. వీడు ఆయన్ని 'అన్న' అంటాడు. ఒట్టి అన్న కాదు, అన్నప్పుడల్లా గొంతు కాస్త తగ్గుతుంది. అప్లికేషన్లు పెట్టి పెట్టి, ఒక్కచోట నుంచీ జవాబు రాక వేర్‌హౌస్‌లో వాడు నడుం పట్టేసుకుని ఉన్నప్పుడు పిలిచి పని ఇచ్చింది ఆయనే. మధ్యాహ్నం వాళ్ళింటి నుంచి వచ్చే క్యారేజీలో వీడికీ ఒక గిన్నె ఉండేది. దసరాకి చొక్కా పెట్టాడు. ఇవన్నీ వాడు నాకు పదేపదే చెప్పేవాడు.

మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ట్యాక్స్ వెయ్యడానికి వాడు పైకొచ్చాడు. నెల్లూరు నుంచి న్యూజెర్సీ, న్యూజెర్సీ నుంచి ఇక్కడికి వచ్చినదాన్ని నేను. అక్కడ గ్రీన్‌కార్డు క్యూలో జుట్టు నెరిసి ఇటు వచ్చాను. ఫారాలంటే భయం పోయి పగ మిగిలింది. అందుకే తెలిసిన పిల్లలకి నేనే కూర్చుని చేసి పెడతాను. వాడి చేతిలో లడ్డూల పెట్టె ఉంది.

"ఏడాది నిండింది అక్కా. ఇగ అప్లై చేస్త."

సంతోషంగా ఒక లడ్డూ నోట్లో వేసుకుని, ఏదీ టీఫోర్ ఇవ్వు అన్నాను. ఫోన్ నా ముందు పెట్టాడు. లడ్డూ నోట్లోనే ఉండిపోయింది.

"ఇది టీఫోర్ కాదురా. టీఫోర్ ఏ."

"అవునక్కా."

"అవునేంట్రా? నువ్వు ఉద్యోగివి కాదూ?"

"ఉద్యోగే కద. నెలనెలా ఇన్వాయిస్ పంపు తమ్ముడూ అన్నడు అన్న. పంపుతున్న. పైసలు టైముకి వస్తున్నయి."

"మరి పక్కన ఈ 'ఏ' అక్షరమేంటో చూసుకోలేదా?"

వాడు మెడ రుద్దుకున్నాడు. చాలాసేపు రుద్దుకున్నాడు. "ఏమనుకోకు అక్కా. వేర్‌హౌస్‌ల ఒట్టి టీఫోర్ ఇచ్చిండ్రు. ఇది ఆఫీసు జాబ్ కద. ఏ అంటే పై గ్రేడ్ అనుకున్న."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చిన్నప్పటి నుంచి ఏ గ్రేడు, ఏ సెక్షను, ఏ క్లాసు అని పెంచిన పిల్లలు మరి. ఎక్కడ ఏ కనపడినా అది తమకొచ్చిన మార్కే అనుకుంటారు. టీఫోర్ అంటే వీడు మా ఉద్యోగి అని కంపెనీ ఒప్పుకుంటూ ఇచ్చే కాగితం. టీఫోర్ ఏ అంటే వీడెవరో బయటివాడు, సొంతంగా పని చేసుకుంటాడు, మాకు చేసిన పనికి డబ్బిచ్చాం, అంతే. ట్యాక్స్ వాళ్ళకి అదేం పెద్ద నేరం కాదు, కట్టాల్సింది కట్టించుకుని ఊరుకుంటారు. కానీ వాడు వెయ్యబోయే పీఆర్ దారిలో సొంతంగా చేసుకున్న పని అనుభవం కింద లెక్కకి రాదు. ఏడాదంతా పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి చేసిన ఉద్యోగం ఆ ఒక్క అక్షరంతో ఉద్యోగం కాకుండా పోయింది. పర్మిట్‌లో మిగిలింది ఏడాదికి తక్కువ. ఆ పర్మిట్ జీవితంలో ఒక్కసారే ఇస్తారు. ఇప్పటికిప్పుడు ఇంకో ఉద్యోగంలో చేరినా ఏడాది నిండదు.

నేను ఇదంతా చెప్తుంటే వాడు లడ్డూల పెట్టె మూత పెట్టి, అంచులు నొక్కి, మళ్ళీ నొక్కాడు.

అయితే దారి లేకపోలేదు. కోపమంతా అక్కడే. దారి లేకపోతే తలరాత అనుకుని ఊరుకునేదాన్ని. కుర్చీ ఆ అన్నగారిది, లాప్‌టాప్ ఆయనదే, ఎన్నింటికి రావాలో ఎన్నింటికి పోవాలో చెప్పేది అన్న. ఇవి చాలు, పేరేదైనా ఇది ఉద్యోగమే అని ఇక్కడి చట్టం ఒప్పుకుంటుంది. అన్న తనంతట తను ఒప్పుకుని, కట్టాల్సినవి కట్టి, టీఫోర్‌గా మార్చి ఇవ్వచ్చు. ఇవ్వకపోతే, నేను ఉద్యోగినా కాదా తేల్చండి అని ట్యాక్స్ ఆఫీసుకి వీడే అప్లికేషన్ పెట్టుకోవచ్చు. రూపాయి ఖర్చు లేదు. జూన్ నెలాఖరు దాకా గడువుంది. ఆ వారమే కూర్చుని మొత్తం నింపించాను. ఇంక పంపే బటన్ నొక్కడమే తరువాయి. లాగిన్ వాడిది కాబట్టి సరిపోయింది, నాదయితే నేనే నొక్కేసేదాన్ని.

"ఇది పంపితే అన్నకి ఫోన్ పోతదా అక్కా?"

"పోతుంది. ఆయన్నీ అడుగుతారు."

"అయితే ముందు అన్నకి ఒక మాట చెప్పి పంపుత. చెప్పకుండ పంపితే కంప్లైంట్ ఇచ్చినట్టుంటది."

"అయితే చెప్పు."

"చెప్త."

మార్చి పోయింది. ఏప్రిల్ పోయింది. రోజూ చెప్పావా అని అడిగేదాన్ని. అన్నకి దగ్గు వచ్చిందనో, అన్న వాళ్ళ అమ్మ ఇండియా నుంచి వచ్చిందనో, ఆ వారం కస్టమర్లున్నారనో చెప్పేవాడు. ఆయన ఎప్పుడు ఏ పనిలో ఉన్నా వీడికి అది అడగకూడని సమయమే. టీఫోర్ ఇస్తే వీడి పింఛనుకీ ఇన్సూరెన్సుకీ కంపెనీ తన వాటా కట్టాలని నేను పొరపాటున చెప్పాను. అదొకటి పట్టుకున్నాడు. "అన్నకి ఖర్చు పడతది అక్కా, చిన్న కంపెనీ." నీ బతుకురా అని నేనంటే, "అన్నది కూడ బతుకే కద" అనేవాడు. ఇలాంటి మనుషులతో వాదించకూడదు. మనమే దుర్మార్గులమని మనకి అనిపించేట్టు చేస్తారు.

ఇక లాభం లేదని మే నెలలో ఒక శనివారం నేనే వాణ్ణి కారెక్కించాను. అన్న ఆ రోజు ఆఫీసులో ఒంటరిగా ఉంటాడని వాడే చెప్పాడు. దారి పొడుగునా రిహార్సల్ చేయించాను.

"ఏమని అడుగుతావు?"

"ఏమనుకోకు అన్నా, నీకు వీలైతేనే, ఇబ్బందేమన్న ఉంటే వద్దు గని, తొందరేం లేదు..."

"తొందర ఉంది. మళ్ళీ చెప్పు."

"అన్నా, నీకు టైమున్నప్పుడు..."

"అన్నా, పీఆర్‌కి నాకు టీఫోర్ కావాలి, మార్చి ఇస్తావా? అంతే. ఊపిరి పీల్చకుండా అనెయ్."

"అన్నా, పీఆర్‌కి నాకు టీఫోర్ కావాలె, మార్చి ఇస్తవా." అన్నాడు. మళ్ళీ అన్నాడు. మా వీధి నుంచి ఆ ఆఫీసు దాకా ప్రతి సిగ్నలు దగ్గరా అనిపించాను. చివరికి బాగానే వచ్చింది. నేనూ లోపలికి వస్తానని సీటుబెల్టు తీశాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. అంతకుముందు వాడు నన్ను తాకి ఎరగడు.

"నువ్వొస్తే నేను ఇంక ఆయన మొహం చూడలేనక్కా. నా మీద ఒట్టు. ఆయనతోని నువ్వు మాట్లాడొద్దు."

ఒట్టంటే నాకు నమ్మకాలేం లేవు. కానీ వాడి కళ్ళల్లో నీళ్ళు చూశాక మళ్ళీ బెల్టు పెట్టుకున్నాను. వాడు లోపలికెళ్ళాడు. నేను పార్కింగ్‌లో కూర్చుని గాజు తలుపు వంకే చూస్తున్నాను. చాలాసేపయింది. ఇంతసేపు మాట్లాడుతున్నారంటే పని అయినట్టే అనుకున్నాను. ఆ ధీమాతో కొంచెం రేడియో కూడా పెట్టుకున్నాను.

వాడు బయటికొచ్చాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది.

"అడిగావా?"

"మాట్లాడిన అక్కా."

"ఏం మాట్లాడావు?"

"ఎవరో కస్టమర్ పైసలు ఇస్తలేడంట. అన్న ఫోన్‌ల అరుస్తున్నడు. మొహం ఎట్లనో ఉన్నది. ఇప్పుడేం అడుగుతమని..." డబ్బా నా వైపు జరిపాడు. "వాళ్ళ అమ్మ చేసిన గోంగూర. నీకు కూడ ఇచ్చిండు."

ఇంటిదాకా రేడియో గట్టిగా పెట్టుకుని నడిపాను. మాట్లాడితే కారు కుదురుగా నడిపి ఉండేదాన్ని కాదు. ఆ పచ్చడి కొన్నాళ్ళు ముట్టుకోలేదు. తర్వాత తిన్నాను. బాగుంది. దానికీ కోపమొచ్చింది.

జూన్ నెలాఖరు వారంలో కిందికి దిగి, లాప్‌టాప్ వాడి ఒళ్ళో పెట్టి నొక్కమన్నాను. "ఈ వారం అన్న వాళ్ళ పాప పుట్టినరోజు ఫంక్షన్ ఉన్నది అక్కా. ఇప్పుడు ట్యాక్స్ ఆఫీసు వాళ్ళు ఫోన్ చేస్తే బాగుండదు. అది కానియ్." ఆ ఫంక్షన్‌కి అద్దె కుర్చీలు ఎత్తించింది, దింపించింది వీడే. ఆదివారం సాయంత్రం చేతులు కొట్టుకుపోయి వచ్చాడు. గడువు కుర్చీలతో పాటే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత చెప్పడానికేం లేదు. అన్ననయితే అప్పుడూ అడగచ్చు, వాడు అడగలేదు. మాంట్రియల్‌లో ఎవరో లాయరుంటే డబ్బు పోసి అడిగాడు. ఆయనా నేను చెప్పిందే చెప్పాడు. చలికాలంలో పర్మిట్ అయిపోయింది. అయిపోయినరోజు తర్వాత ఒక్కరోజు కూడా ఉండనన్నాడు. ఉంటే ఈ దేశానికి బాగుండదట. ఎయిర్‌పోర్టుకి బస్సులో వెళ్తానని సూట్‌కేసులు మెట్లు ఎక్కిస్తుంటే నేను తాళాలు తీసుకుని కారు తీశాను. దింపి, సామాను బండి మీద పెట్టాక వాడు మెడ రుద్దుకున్నాడు.

"ఏమనుకోకు అక్కా. నీకు మస్తు కోపం తెప్పించిన."

"అవును, తెప్పించావు."

లాగి ఒకటి కొడదామనిపించింది. దగ్గరికి తీసుకుందామనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. ఇంటికొచ్చి చూస్తే గది అద్దంలా తుడిచి ఉంది. వేడిగాలి జాలీ మూసి ఉంది. ఖాళీ గదికి గ్యాసు దండగని వెళ్ళేముందు మూసినట్టున్నాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో ఉన్నాడు. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నా అంటాడు. ఆ 'బాగానే' అన్నమాట జాకెట్టులో పడుకుని కూడా అనేవాడు కాబట్టి నేను నమ్మను.

మళ్ళీ ఆ గృహప్రవేశానికి వస్తాను. బలవంతపు గారె తింటూ ఒక మూల నిలబడితే, నెరిసిన గడ్డమున్న ఒకాయన ప్లేటు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "మా తమ్ముడు మీ బేస్‌మెంట్లనే ఉండే కద, మేడం?" అన్నాడు. అన్నే. గాజు తలుపు వెనక ఒక్కసారి కూడా సరిగా కనపడని మనిషి. ఎన్నాళ్ళుగానో ఈయనకి చెప్పాలని దాచుకున్న మాటలు నా దగ్గర గంపెడున్నాయి. నోరు తెరిచాను.

ఆయనే ముందు మొదలుపెట్టాడు. "పోయినంక తెల్సింది, పీఆర్ గురించే పోయిండని. ఒక్కమాట అడిగితే టీఫోర్ మార్చి ఇయ్యకపోదునా మేడం? అకౌంటెంట్ గూడ అన్నడు మార్చొచ్చని. ఆ శనివారం ఆఫీసుకొచ్చి నిలబడ్డప్పుడే నాకు అనుమానమొచ్చింది, పిల్లవాడికి ఏమన్న కావాల్నేమో అని. మరి వాడు అన్నీ రాసి ట్యాక్స్ కట్టేటోడు, సొంత పని కింద చూపిద్దామనుకుంటున్నడేమో, మనం అడిగితే ఏమనుకుంటడో అని..." ఆగి, ప్లేటులోకి చూశాడు. "మొహమాటానికి నేను గూడ అడగలే."

ఆయన మొహంలోకి చూశాను. అబద్ధం కోసం వెతికాను. ఇప్పుడు ఖర్చు లేదు కాబట్టి అంటున్నాడేమో, అప్పుడయితే ఏం చేసేవాడో ఎవరికి తెలుసు. కానీ ఆయన చెయ్యి మెడ వెనక్కి పోయింది. అచ్చు వాడిలాగే. తిట్టడానికి నాకు ఒక దుర్మార్గుడన్నా మిగలలేదు. ఇంటావిడ మళ్ళీ వచ్చి ఆయన ప్లేట్లో బొబ్బట్టు వేస్తూ "మొహమాటపడకండి" అంది. ఆయన వద్దనలేక తిన్నాడు.

నిన్న శనివారం పొద్దున వాడు ఫోన్ చేశాడు. ఎవరో పెట్టిన గృహప్రవేశం ఫోటోల్లో వెనక నేనూ అన్నా నిలబడి మాట్లాడుకోవడం చూశాడట. చలెలా ఉంది, చెల్లె ఎట్ల చదువుతున్నది అని అటూ ఇటూ తిప్పాడు. హైదరాబాద్‌లో వాడు మెడ రుద్దుకోవడం నాకిక్కడ తెలుస్తోంది.

"ఏమనుకోకు అక్కా. ఒకటి అడుగుత."

రెండేళ్ళు మా ఇంట్లో ఉండి వాడు నన్ను ఏదీ అడగలేదు. వేడి అడగలేదు, టీ అడగలేదు. "అడుగు" అన్నాను.

"అన్న నా గురించి ఏమన్న అన్నడా?"

ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప నాకు ఇంకోటి చాతకాదు. మాట నాలుక చివర దాకా వచ్చింది. ఒక్కమాట అడిగుంటే ఇచ్చేవాడటరా. అంతే. కారులో వాడిచేత అనిపించినదానికంటే చిన్న వాక్యం. ఊపిరి పీల్చకుండా అనెయ్యచ్చు.

"అడిగాడురా" అన్నాను. "ఎలా ఉన్నావని అడిగాడు."

"అన్న మంచోడు అక్కా. నేను చెప్పలే?"

"చెప్పావు" అన్నాను.